ఒక్క బుట్ట చాలు

ఆ ఆదివారం అడాజన్‌లోని కరెంటు సామాన్ల దుకాణంలో అడుగుపెట్టేసరికే ప్రమీల ఏం కొనాలో తేల్చుకుని ఉంది. దుకాణం వాడికి ఆ సంగతి తెలియదు. పక్కన నడుస్తున్న మొగుడికి తెలుసు గానీ, అతను దాన్ని చెవిన వేసుకోలేదు. గొడవకు మొదలు అదే.

ఆమెకు కావలసింది ఎయిర్ ఫ్రయర్, అంటే నూనె లేకుండా వేడి గాలితో వేపే పెట్టె. తమ గల్లీలోని సంధ్య అడాజన్‌లో ఒక ఫ్లాట్లో వంట చేస్తుంది. ఆ ఇంట్లో ఉన్నదాన్ని ప్రమీల వెళ్లి కళ్లారా చూసి వచ్చింది. ముందు ఒక బుట్ట, పైన రెండు తిప్పుడు నాబ్‌లు. ఒకటి వేడికి, ఒకటి టైముకు. తిప్పితే నడుస్తుంది, బుట్ట బయటికి లాగితే దానంతటదే ఆగిపోతుంది. పోగు తెగితే మగ్గం ఆగినట్టే ఆగుతుందని ఆమెకు అది వెంటనే నచ్చింది. చీరలకు దారాలు కత్తిరించే పనిలో వచ్చిన పైసలు డబ్బాలో దాచింది. ఎవరినీ అడగనక్కర్లేదు.

ఇదంతా సరదా కోసం కాదు. మొగుడు పరమేశ్ తినడం లేదు. తినకపోతే బతకడు. అంత సూటి సంగతి.

పరమేశ్ కడోదరాలోని ఒక మగ్గాల షెడ్డులో మాస్టర్. మాస్టర్ అంటే పంతులు కాదు, మొరాయించిన మరమగ్గాన్ని దారికి తెచ్చేవాడు. పదహారేళ్ల వయసులో సిరిసిల్ల పక్క ఊరి నుంచి తాపీ ఒడ్డునున్న ఈ మగ్గాల ఊరికి వచ్చి మగ్గం మీద నిలబడ్డాడు, పదేళ్లకు మాస్టర్ అయ్యాడు. మొన్న ఏప్రిల్‌లో, రెండోసారి కరోనా ఊరి మీద పడ్డప్పుడు, అతన్నీ పడుకోబెట్టింది. ఏ ఆసుపత్రిలోనూ మంచం దొరకలేదు. వాడకట్టు వాళ్లు ఎక్కడెక్కడో తిరిగి ఒక ఆక్సిజన్ సిలిండర్ మోసుకొచ్చి లింబాయత్‌లో వాళ్లుండే ఒక్క గదిలో నిలబెట్టారు. డాక్టరు ఫోన్లో చెప్పేది చెప్పాడు. దాని నాబ్ మీద చెయ్యి వేసి అయిదు రోజులు కూచున్నది ప్రమీల. ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి, ఆ పిచ్చి లెక్కంతా ఆమెదే. అత్త ఐలమ్మ మూలన కూచుని దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచింది. పిలిచినందుకు వాళ్లు వచ్చారో, తిప్పినందుకు గాలి వచ్చిందో గానీ, పరమేశ్ బతికాడు.

బతికాడు గానీ ముక్కు పోయింది. వాసన లేదు, దానితో రుచీ పోయింది. అన్నం పెడితే "తడిగుడ్డ నమిలినట్టున్నదే" అని కంచం నెట్టేసేవాడు. కరకరలాడేది ఏదైనా ఉంటే మాత్రం తినేవాడు. రుచి లేకపోయినా పంటికింద చప్పుడు ఉండేది కదా. అప్పడాలు, చెగోడీలు, నూనెలో ముంచి తీసినవన్నీ అడిగాడు, ఆమె చేసి పెట్టింది. జూన్‌లో రక్తపరీక్ష చూసి డాక్టరు ప్రమీల మీదే లేచాడు. గుండె సంగతి చూసుకోవాలమ్మా, ఈ మనిషికి నూనె బంద్ అన్నాడు. ఆ రోజు నుంచి పరమేశ్ కంచం ముందు కూచుని లేచిపోవడం మొదలుపెట్టాడు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు తనే పొడుచుకున్నాడు. మూడో చిల్లు చూసిన రోజున ప్రమీల సంధ్య వెంట అడాజన్ వెళ్లింది.

సాయంత్రం పూట ఇంకొక పని కూడా ఉండేది. డాక్టరు చెప్పాడని రోజూ ఓమ డబ్బా, నలిపిన వెల్లుల్లి, లవంగాలు అతని ముక్కు కింద పెట్టేది.

"ఏమొస్తున్నది?"

"ఏం రాదు."

"జర గట్టిగ పీల్చు."

"పీల్చిననే. ఏం రాదు."

మూడు నెలలుగా ఇదే మాట. ఆమె డబ్బాలు మూసి అటక మీద పెట్టేది, మర్నాడు మళ్లీ తీసేది.

సరే, దుకాణం. మాస్కు కట్టుకున్న కుర్ర సేల్స్‌మన్ ఎదురొచ్చి ప్రమీలను దాటుకుని పరమేశ్‌కు నమస్తే పెట్టాడు. మెషిన్ అంటే మగవాళ్ల సంగతని అతని లెక్క. పరమేశ్‌కూ అదే లెక్క. ఇద్దరూ కలిసి అరల చివర నల్లగా మెరుస్తున్న పెద్దదాని దగ్గరికి పోయారు. రెండు బుట్టలు, ముందు అద్దం, నాబ్‌లు లేవు, వేలు ఆనిస్తే వెలిగే అంకెలు. సేల్స్‌మన్ హిందీలో ఏకబిగిన చెప్పుకుపోతున్నాడు. ముప్ఫయ్యేళ్ల మగ్గాల మోతకు పరమేశ్‌కు చెవులు సగమే పనిచేస్తాయి, మామూలుగా పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. మాస్కు వెనక పెదాలు ఎక్కడివి? అయినా పెద్దమనిషి తరహాలో తల ఊపుతూనే ఉన్నాడు. అతని తల ఊపుడు చూసి కుర్రాడు బిల్లు పుస్తకం అందుకున్నాడు.

ప్రమీల అటు నుంచి అరవలేదు. షెడ్డులో మాట వినపడదు కాబట్టి అక్కడ అన్నీ చేతులతోనే చెప్పుకుంటారు. అరచేయి నిలువుగా ఎత్తి పిడికిలి మూస్తే మగ్గం ఆపు అని అర్థం. పెళ్లయిన కొత్తలో అదే షెడ్డులో కండెలకు దారం చుట్టిన మనిషి ఆమె. దుకాణం మధ్యలో నిలబడి చెయ్యెత్తి పిడికిలి మూసింది. పరమేశ్ తల ఊపడం ఠక్కున ఆగింది.

"ఏందే?" అన్నాడు, దుకాణమంతా తిరిగి చూసేంత గట్టిగా.

"నాకు గది వద్దు. గా చిన్నది గావాలె."

"చిన్నదా? గది పోరగాండ్లు ఆడుకునే బొమ్మ లెక్కున్నది. గిది చూడు, రెండు బుట్టలు. ఒక్క దెబ్బకు రెండు వంటలు."

సేల్స్‌మన్‌కు ఆమె వైపు చూడక తప్పలేదు. "అక్కా, మీరే నొక్కి చూడండి" అని హిందీలో అంటూ అద్దం ముందు నుంచి పక్కకు జరిగాడు. ప్రమీల వేలు పెట్టింది. ఏమీ వెలగలేదు. మళ్లీ పెట్టింది. గట్టిగా నొక్కింది. ఇరవై ఏళ్లుగా దారం ఒరిసి ఒరిసి ఆమె వేళ్ల చివరలు నున్నగా, గట్టిపడి ఉన్నాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర మెషిన్ కూడా ఆమెను ప్రతి నెలా నాలుగుసార్లు తిప్పలు పెడుతుంది. పక్కన ఫ్రిజ్ చూస్తున్న ఒకావిడ నవ్వింది. మాస్కు ఉన్నా నవ్వు కళ్లలో తెలిసిపోతుంది.

పరమేశ్ తన వేలు పెట్టాడు. మెషిన్ కీచుమంది, అంకెలు వెలిగాయి.

"అయిపాయె. నేను నొక్కిస్త" అన్నాడు గొప్పగా.

"నువ్వు పొద్దుగాల ఆరింటికే కడోదరా పోతవు. నేను పదింటికి వంటజేసేటప్పుడు నీ వేలు యాడికెళ్లి తేవాలె?"

కుర్రాడు దగ్గినట్టు నటించాడు. ఆ రోజుల్లో దుకాణంలో దగ్గితే ఎవరూ ఊరుకోరు, ఫ్రిజ్ ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. ప్రమీల ఆగలేదు. ఇన్నాళ్లూ గొంతులో ఉన్నది ఇప్పుడు బయటికి వస్తోంది.

"ఒక్క మనిషికి ఎనిమిది మగ్గాలే ఎక్కువ, పన్నెండు ఎట్ల నడుపుతరని పోయిన నెల మీ సేఠ్‌తోని కొట్లాడింది నువ్వే గదా? షెడ్డుల మనిషికైతే గా న్యాయం. నాకైతే రెండు బుట్టలా? ఉన్న పొయ్యి, గిన్నెలు, మీ అమ్మ మందులు, గా చీరెల దారాలు, గివి సాలవా? నాకు ఒక్క బుట్ట సాలు. ఒకటి పెడత, దాని ముంగట నిలవడత, దించుత."

"మెషిన్ సంగతి నీకేం ఎరుకనే? ముప్ఫయ్యేండ్ల సంది నేను..."

"సిలిండర్ ఏంది మరి? గది మెషిన్ గాదా?"

పరమేశ్ చూపు ఆమె చేతి మీదికి దిగింది.

"నువ్వు మాస్టరువే. కాదన్ననా? గానీ గా అయిదు రోజులు నాబ్ దిప్పింది గీ శెయ్యి. గీ శెయ్యికి నాబే గావాలె. పైసలు నాయి, వంట నాది, మెషిన్ నేను శెప్పిందే."

ఆ మాటతోనే ఆమె చిన్నదాన్ని అరలోంచి తనే రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టింది. కుర్రాడు బిల్లు రాశాడు. నచ్చకపోతే వారం లోపల తెచ్చి మార్చుకోవచ్చని పరమేశ్‌కు మాత్రం వేళ్లతో ఏడు చూపించి చెప్పాడు. ఆ ఒక్క మాట పరమేశ్‌కు చక్కగా అర్థమైంది. తాపీ నది దాటేదాకా బస్సులో మొగుడూ పెళ్లాల మధ్య ఒక ఖాళీ సీటు ఉంది. దూరం దూరంగా కూచోమని దాని మీద కాగితం అంటించారు. ఆ రోజు ఆ కాగితం లేకపోయినా వాళ్లు అట్లాగే కూచునేవాళ్లు.

ఇంటికొచ్చాక ఐలమ్మ దానికి బొట్టు పెట్టి, నిమ్మకాయ తిప్పి, గాలిపొయ్యి అని పేరు పెట్టింది. మర్నాడు పరమేశ్ షెడ్డుకు పోయాక, ప్రమీల బెండకాయలు సన్నగా తరిగి, కారం ఉప్పు పట్టించి బుట్టలో వేసి నాబ్ తిప్పింది.

రెండు నిమిషాలకు పొగ. ముందు సన్నగా, తరవాత గదంతా. ఐలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గల్లీలోకి పరుగెత్తింది. "కాలిపోయింది, గాలిపొయ్యి కాలిపోయింది!" అని ఆమె వేసిన కేకకు ఎదురింటి వాళ్లు బకెట్ నీళ్లతో వచ్చారు. ప్రమీల వైరు పీకేసి, కిటికీ తెరిచి, నీళ్లు పొయ్యబోతున్న వాళ్లను గుమ్మంలోనే ఆపింది. తరవాత వంగి వాసన చూసింది.

అది కాలిన వైరు వాసన కాదు. మాడిన బెండకాయ వాసనా కాదు. కళ్లు మూసుకుని చెప్పగలదు ఆమె. షెడ్డు నూనె. ఇరవై రెండేళ్లుగా మొగుడి అంగీల్లోంచి సబ్బు పెట్టి, సోడా పెట్టి, బండకేసి బాది వదిలించిన వాసన. పెట్టె పైన గాలి కన్నాల దగ్గర వేలు పెట్టి తీస్తే జిడ్డు తగిలింది.

సాయంత్రం పరమేశ్ రాగానే వేలు చూపించింది. అతను కొంచెం కూడా బెదరలేదు.

"అవ్, నేనే పోసిన. పొద్దుగాల. కొత్త మెషిన్ ఎండగ ఎట్ల తిప్పుతరే? లోపల ఫంక పొడిగ మోగుతుండె, నాలుగు చుక్కలు ఏసిన. గంతే."

ఇదీ మాస్టర్ చేసిన ఘనకార్యం. షెడ్డులోకి కొత్త మగ్గం వస్తే బొట్టు, నిమ్మకాయ, ఆ వెంటనే కీలుకీలుకూ నూనె. నూనె పడకుండా మెషిన్ తిప్పడం అతని దృష్టిలో పాపం. నూనె లేకుండా వండుకోవడానికి కొన్న పెట్టెలో తెల్లవారుజామున లేచి, పొడుగు ముక్కు డబ్బాతో మగ్గాల నూనె పోసి, భక్తిగా తుడిచి మరీ పోయాడు.

"నీ నూనెకే పొగొచ్చింది."

"నా నూనెకా? ఇన్నేండ్ల సంది పోస్తున్న, ఒక్క మగ్గం కాలిందా? నాకైతే ఏ నూనె వాసనా వస్తలేదు. సామానే ఖరాబు. వారం గాలేదు, వాపస్ ఇచ్చి పెద్దది తెద్దాం."

వాసన రావడం లేదని తన ముక్కునే సాక్ష్యం పిలుస్తున్నాడు! ప్రమీలకు ఒళ్లు మండింది. ఆ ముక్కు మూడు నెలలుగా వెల్లుల్లిని కూడా ఎరగదని అనబోయి ఆగిపోయింది. అది అనరాని మాట. దాని బదులు గూట్లో ఉన్న నూనెడబ్బా తీసుకుని తన బట్టల పెట్టెలో పెట్టి తాళం వేసింది.

"గిది షెడ్డు గాదు, నా వంటిల్లు. గీడ మాస్టర్ను నేనే. మెషిన్ వాపస్ పోదు."

ఐలమ్మ కొడుకు వైపే మాట్లాడింది. "ఏందే బిడ్డా గంత మొండి? మొగోడు శెప్పినంక ఇనొద్దా?" అంది.

"సిలిండర్ కాడ కూసున్నప్పుడు మొండిదాన్నే గదా అత్తా. గప్పుడు మంచిగనిపిచ్చెనా?"

ముసలామె చేట దగ్గరికి లాక్కుని బియ్యం ఏరసాగింది.

మంగళవారం నుంచి ప్రమీల దాని వెంట పడింది. వైరు తీసి, చల్లారనిచ్చి, సోడా నీళ్లలో ముంచిన గుడ్డతో వేలు పోయినంత లోపలికి తుడిచింది. వేలు పోని చోటికి పుల్లకు గుడ్డ చుట్టి తుడిచింది. ఆరాక ఖాళీ బుట్టతో నడిపింది. పొగ వచ్చింది. ఆపింది, మళ్లీ తుడిచింది. దారాలు కత్తిరించాల్సిన చీరల కట్ట అట్లాగే పడి ఉంది. బుధవారం పొగ సగమైంది. గురువారం కొంచెమే వచ్చింది. పరమేశ్ రోజూ సాయంత్రం వచ్చి గోడ మీది క్యాలెండర్ చూసి, ఎన్ని రోజులున్నాయో వేళ్లు చూపించేవాడు. ఆమె పిడికిలి మూసి చూపించేది. వాళ్ల మాటలు ఇక చేతులతోనే సాగాయి. అతను తినేది పెరుగన్నం నాలుగు ముద్దలు. అది చూసినప్పుడల్లా ఆమె ధైర్యం కొంచెం జారేది. మొండితనానికి పోయి మనిషిని పస్తు పెడుతున్నానా, ఆ పెద్దదే తెచ్చుకుంటే పోయేదా అనిపించేది. అనిపించినప్పుడల్లా లేచి గుడ్డ తడిపేది.

శనివారం పొగ రాలేదు. ఐలమ్మ కూడా ముక్కు పెట్టి చూసి, ఏ వాసనా లేదని ఒప్పుకుంది.

ఆదివారం ఏడో రోజు. షెడ్డుకు సెలవు. పరమేశ్ తలంటుకుని, ఉతికిన అంగీ వేసుకుని, మెషిన్ వచ్చిన అట్టపెట్టెను తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి కూచున్నాడు. దుకాణం పదిన్నరకు తెరుస్తారు. ప్రమీల దాని వంక చూడనైనా చూడలేదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, వెల్లుల్లి కలిపి సర్వపిండి ముద్ద చేసింది. బుట్టలో పట్టేంత పల్చటి పళ్లేనికి ఒకే ఒక్క చెంచా నూనె రాసి, ముద్దను ఒత్తి, వేలితో చిల్లులు పొడిచింది. అరిగిపోయిన ఆ వేళ్లకు సర్వపిండి ఒత్తడం మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు. బుట్ట లోపలికి తోసి నాబ్ తిప్పి, అన్నట్టుగానే దాని ముందు నిలబడింది. మధ్యలో రెండుసార్లు లాగి చూసింది, లాగినప్పుడల్లా అది బుద్ధిగా ఆగింది.

ఎర్రగా దిగింది. అంచు విరిచి, కంచంలో పెట్టి పరమేశ్ ముందుకు తోసింది.

అతను అయిష్టంగానే కొరికాడు. కరకరమన్న చప్పుడు ఐలమ్మకు కూడా వినబడింది. ఇంకోసారి కొరికాడు. మూడో ముక్క అందుకున్నాడు. ప్రమీల గోడకు ఆనుకుని చూస్తోంది. నాలుగో ముక్క దగ్గర అతను నమలడం ఆపాడు. మొహం చిట్లించాడు. కంచం దగ్గరికి వంగాడు, లేచాడు, బుట్ట దగ్గరికి వెళ్లి మళ్లీ వంగాడు.

"ఏందే గిది? గిదేం వాసన?"

"ఏం వాసన?" అంది ఐలమ్మ. "ఏం లేదు గదరా. పిండి మంచిగ కాలింది."

"లేదే అవ్వా, వస్తున్నది. జర జరంత. గిది పల్లినూనె గాదు... గిది మా షెడ్డుది. మగ్గాల నూనె."

అన్నాక గానీ తను ఏమన్నాడో అతనికే తెలియలేదు. బుట్ట పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ప్రమీల వచ్చి పెట్టె పైన ముక్కు ఆనించి పీల్చింది. ఉంది. ఆమెకు, అత్తకు అలవాటై తెలియనంత సన్నగా, ఎక్కడో ఒక చుక్క మిగిలి ఉంది. దాన్ని మూడు నెలలుగా చచ్చిపడి ఉన్న ముక్కు పట్టుకుంది.

ఆమె ఒక్క ఉదుటున అటక మీది డబ్బాలన్నీ కిందికి దించింది. వెల్లుల్లి నలిపి అతని ముక్కు కింద పెట్టింది.

"గిది?"

"రాదే."

"ఓమ?"

"రాదు. గా నూనె ఒక్కటే." అతను మళ్లీ పెట్టె మీదికి వంగి గట్టిగా పీల్చాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. "వస్తున్నదే ప్రమీలా. నిజంగనే వస్తున్నది. పోసింది నేనే, పొగొచ్చింది దానికే."

ప్రమీలకు ఏడుపు వచ్చింది, దాని వెనకే మంట వచ్చింది. మూడు నెలలు వెల్లుల్లి నలిపింది తను, లవంగం దంచింది తను. తిరిగి వచ్చిన మొదటి వాసన మాత్రం ఆ పాడు షెడ్డుదా? ఇరవై రెండేళ్లు బండకేసి బాదినా వదలనిది, ముక్కు పోయినా వదల్లేదు! కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అతని చేతిలోని కంచం లాక్కుని, ముక్కలన్నీ ఎత్తి పారబోసింది. సోడా నీళ్ల గిన్నె, గుడ్డ, పుల్ల తెచ్చి అతని ముందు పెట్టింది.

"తుడువు. పోసినోడివి నువ్వే, తుడిచేటోడివి నువ్వే. వాసన నీకే తెలుస్తున్నది గదా, పోయేదాంక తుడువు."

మాస్టర్ కింద కూచుని పుల్లకు గుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు. ప్రమీల రెండో సర్వపిండికి ముద్ద తీసుకుంటూ గుమ్మం దగ్గరున్న అట్టపెట్టెను కాలితో గల్లీలోకి తన్నింది.

"మొదలు నీ షెడ్డు వాసనొచ్చింది, మంచిది. రెండోది నా వెల్లుల్లిది రావాలె" అంది. "వచ్చేదాంక రోజుకొక్క వాయి పెడత. ఒక్కటే బుట్టల."